పరిమళ వైద్యం

ఆ ఇంట్లో కాఫీ వాసన తెలిసి ఇరవై రోజులైంది. రాజరాజేశ్వరి రోజూ రెండుపూటలా కాఫీ కలుపుతూనే ఉంది. అది వంటింటి గడప దాటేలోపే నీలగిరి తైలం ఘాటు దాన్ని మింగేస్తోంది. వరండాలో సాంబ్రాణి, నడవాలో అగరుబత్తి, పడకగదిలో గంధపు నూనె. వీధిన పోయేవాళ్లు గుడి అనుకుని చెప్పులు విప్పుతారేమోనని పక్కింటివాళ్లు వేళాకోళం కూడా ఆడారు.

దీనికంతటికీ మూలం జగ్గయ్యపేటలో వెలసిన తిరుపతిరావు. ఊటీ వైపు పదేళ్లు ఉండి వాసనలతో రోగాలు కుదర్చడం నేర్చుకొచ్చానని, ఆ వేసవిలో బస్టాండు దగ్గర గది తీసుకుని ‘పరిమళ వైద్యం’ అని బోర్డు పెట్టాడు. నందిగామ హైస్కూల్లో తెలుగు మాస్టారైన రాజరాజేశ్వరి భర్త రామచంద్రమూర్తి సెలవుల్లో ఎవరికో తోడు వెళ్లి, ఆయన శిష్యుడై తిరిగొచ్చాడు. మాస్టారికి చాన్నాళ్లుగా నిద్ర సరిగా పట్టదు. దిండు మీద గంధపు నూనె రెండు చుక్కలు వేసుకుంటే మూడో రోజుకల్లా పట్టింది. ఆ సంగతి రాజరాజేశ్వరీ కాదనలేదు. గురక విన్నది ఆమేగా.

అక్కడితో ఆగితే బాగుండేది. ఒక్కగానొక్క కూతురు ప్రసూన ఇంటర్ పరీక్షలు రాసి ఇంట్లో ఉంది. చిన్నప్పటి నుంచి ఆయాసం. డాక్టర్ భారతీదేవి ఇచ్చిన మాత్రలతో రెండేళ్లుగా బాగానే నెట్టుకొస్తోంది. మాస్టారు ఆ మాత్రలు మాన్పించాడు. బదులుగా పొద్దునా సాయంత్రం దుప్పటి కప్పి నీలగిరి తైలం ఆవిరి, ఆ తర్వాత కర్పూరం కలిపిన సాంబ్రాణి పొగ. రాజరాజేశ్వరి వద్దని గొణిగింది గానీ గట్టిగా అడ్డం పడలేదు. గట్టిగా మాట్లాడే అలవాటు ఆమెకి లేదు.

ఆ పొద్దున పొగ అయ్యాక ప్రసూన మంచం పట్టె పట్టుకుని ముందుకు వంగి కూర్చుంది. ఊపిరి తీసినప్పుడల్లా పిల్లికూతలు పక్కగదిలోకి వినపడుతున్నాయి. గొంతు కింద గుంట పడుతోంది. రాజరాజేశ్వరి చేతిలో గరిటె అక్కడే పడేసి వచ్చింది.

“ఏమండీ, రిక్షా పిలవండి. ఆస్పత్రికి తీసుకెళ్దాం.”

“కంగారుపడకు రాజ్యం. తిరుపతిరావుగారు ముందే చెప్పారు. రోగం బయటికి పోయేముందు ఒకసారి బాగా విజృంభిస్తుందట. ఇప్పుడు ఇంజెక్షన్ చేయిస్తే ఇన్నాళ్ల శ్రమా బూడిదపాలవుతుంది.”

“ఎవడండీ వాడు? ఈ పిల్ల వీపు మీద చెవి పెట్టి ఒక్కసారైనా విన్నాడా?”

“వాడూ వీడూ అనకు. ఆయన మాట అటుంచు, మనింట్లోనే రుజువుందిగా. నీ తలనొప్పికి ఇన్నేళ్లుగా మనం వాడిన మందేంటి? మూరెడు మల్లెపూలు. పెట్టుకోగానే తగ్గిందని ఇరవై రెండేళ్లుగా నువ్వే చెబుతున్నావు. జగ్గయ్యపేటలో ఆయన దగ్గరికి వచ్చేవాళ్లందరికీ నీ సంగతే చెబుతున్నా నేను.”

ఆయన కూతురి ముందు గొంతుక్కూర్చున్నాడు.

“ఎలా ఉందమ్మా? కాస్త నయంగా ఉందా?”

ప్రసూన తండ్రి మొహంలోకి చూసింది. ఆ మొహం నిండా ఆశే. పిల్ల ఒక్కో మాటా కూడదీసుకుంటూ, “తగ్గింది... నాన్నగారూ” అంది.

ఆ మాట చెవిన పడగానే రాజరాజేశ్వరికి ఒళ్లు మండిపోయింది. ధూపం పాత్ర చీరకొంగుతో పట్టుకుని, నిప్పులతో సహా పెరట్లోకి విసిరికొట్టింది. ఎన్నడూ పెదవి విప్పని మనిషి అలా విరుచుకుపడితే మాస్టారు బిత్తరపోయాడు.

“అబద్ధం. అది అబద్ధం చెబుతోంది. నేనూ ఇన్నేళ్లూ అబద్ధమే చెప్పా.”

“ఏం మాట్లాడుతున్నావు?”

“మల్లెపూలకి నా తలనొప్పి తగ్గలేదండీ. మల్లెపూల వల్లే నాకు తలనొప్పి. ఆ వాసనకి కణతలు పగిలిపోయేవి. అది చూసి మీరు ఇంకో మూర తెచ్చేవారు.”

“మరెందుకు పెట్టుకున్నావు?”

“కాపరానికొచ్చిన కొత్తలో మీ అమ్మగారితో అన్నా, ఈ వాసన నాకు పడట్లేదని. పుణ్యస్త్రీవి, పూలొద్దనే మాట నోటెంట రానీకన్నారు. పోనీ మీతో చెబుదామంటే, పొట్లం చేత్తో పట్టుకుని మీరు వీధి మలుపు తిరిగే తీరు చూసి నోరు రాలేదు. తగ్గిందా అని అడిగితే తగ్గిందండీ అన్నా. ఏటేటా అన్నా. ఇప్పుడు నా మాట సాక్ష్యం పెట్టుకుని మీరు దాని ఊపిరి తీస్తున్నారు.”

మాస్టారి మొహం నల్లబడింది. “అయితే ఇరవై రెండేళ్లు నన్ను వెర్రివాణ్ణి చేశావన్నమాట.”

“చేశా. ఆ పంచాయితీ తర్వాత పెట్టుకుందాం. రిక్షా మీరు పిలుస్తారా, నన్నే వీధిలోకి పొమ్మంటారా?”

ఆయన చెప్పులేసుకోకుండానే వీధిలోకి పరిగెత్తాడు.

భారతీదేవి ఆస్పత్రిలో ఇంజెక్షన్ చేసి, ఆక్సిజన్ పెట్టి, సెలైన్ ఎక్కించారు. మధ్యాహ్నానికి గానీ పిల్లకి ఊపిరి కుదురుగా ఆడలేదు. డాక్టరమ్మ ప్రసూన జుట్టు వాసన చూసి బయటికొచ్చింది. ఆవిడ కోపం మొహంలోనే కనిపిస్తోంది.

“ఇంకో గంట ఆలస్యమైతే నా చేతుల్లో ఉండేది కాదు. మాత్రలు ఎవరు మాన్పించారు?”

“నేనేనండీ” అన్నాడు మాస్టారు. “ఇరవై రోజులుగా ఆవిరి, పొగ పట్టింది కూడా నేనే. మా ఆవిడ తప్పేం లేదు. వద్దంటూనే ఉంది.”

రిక్షాలో వచ్చేటప్పుడు ఆయన మొహం అటు తిప్పుకునే కూర్చున్నాడు. తనమీద కోపంతో కుతకుతలాడుతున్నాడనే ఆమె అనుకుంది, తానూ అంతే కోపంగా కూర్చుంది. ఇప్పుడు నలుగురి ముందు తప్పంతా ఆయన నెత్తిన వేసుకుంటుంటే చూస్తూ ఊరుకోలేకపోయింది.

“ఆయనొక్కరే కాదు డాక్టరుగారూ. వాసనలు పనిచేస్తాయని ఆయన్ని నమ్మించింది నేను.”

భారతీదేవి ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. గొంతు కాస్త తగ్గించింది. “మంచి వాసనకి మనసు కుదుటపడుతుంది, నిద్ర పడుతుంది. అది నేనూ ఒప్పుకుంటా. అంతమాత్రాన ఊపిరితిత్తుల జబ్బు పోతుందా? ఒకరికి హాయిగా ఉన్నదే ఇంకొకరికి విషమవుతుంది మాస్టారూ. ఆయాసం ఉన్న పిల్లకి పొగ, ఆ ఘాటు తైలాలు అసలే పనికిరావు. ఆ పిల్లని అడగలేదా, ఎలా ఉందని?”

“అడిగా. తగ్గిందంది.”

“మీ మొహం చూసి అంది” అంది రాజరాజేశ్వరి.

డాక్టరమ్మ లోపలికి వెళ్లింది. మాస్టారు వరండాలో బల్ల మీద కూలబడ్డాడు. కండువా మొహానికి అడ్డం పెట్టుకున్నాడు గానీ భుజాలు కదలడం దాగలేదు. 

“నాకు అంత భయపడతారా రాజ్యం, మీరిద్దరూ?”

“భయం కాదు. మీరు చిన్నబుచ్చుకుంటారని.” ఆమె పక్కన కూర్చుంది. కోపం ఇంకా పోలేదు. ఇరవై రెండేళ్ల కోపం ఒక్కపూటలో ఎలా పోతుంది? అందులో సగం తనమీదే. “మీరు చిన్నబుచ్చుకున్నా సరే, ఆరోజే చెప్పాల్సింది. నన్ను చూసే అది నేర్చుకుంది.”

లోపల ప్రసూన నిద్రపోతోంది. ఛాతీ నెమ్మదిగా లేచి పడుతోంది.

“ఇప్పుడు తలనొప్పి ఉందా?” అన్నాడు ఆయన చివరికి.

అలవాటైన మాట నాలుక చివరిదాకా వచ్చింది. రాజరాజేశ్వరి దాన్ని మింగేసింది.

“ఉంది. తల బద్దలవుతోంది.”

“ఏం చెయ్యమంటావు?”

“ఏమీ చెయ్యొద్దు. ఇక్కడే కూర్చోండి.”

ఆయన కూర్చున్నాడు.