కుళ్లని దారం

మొగలిపురం రాజ్యానికి తూర్పున సముద్రం. ఒకనాటి ఉదయం ఆ సముద్రంలో అలలు ఆగిపోయాయి. గాలి పడిపోయింది. నీళ్లు నూనె పోసినట్టు కదలకుండా నిలిచాయి. ఆ వేళకు వేటలో ఉన్న తెప్పలు ఎక్కడివక్కడే ఆగిపోయాయి. తెడ్డు ఎత్తినవాడు ఎత్తినట్టే, వల లాగేవాడు లాగుతున్నట్టే బిగుసుకుపోయారు. ఒడ్డు నుంచి చూస్తే గోడ మీద గీసిన బొమ్మల్లా కనిపించేవారు. వాళ్లను తీసుకురావడానికి వెళ్లిన పడవలు కూడా కొంతదూరం పోయి అలాగే నిలిచిపోయాయి.

రాజు కీర్తిధరుడు మంత్రులను పిలిచాడు. గంగమ్మకు కోపం వచ్చిందని, కానుక సమర్పించాలని వాళ్లు తేల్చారు.

మొగలిపురం జాలరులకు ఒక ఆచారం ఉంది. చిరిగిన వలను పారేయరు, తగలబెట్టరు. పసుపు కుంకుమ పెట్టి, గంగమ్మకు అప్పగిస్తున్నామని చెప్పి నడిసముద్రంలో వదులుతారు. జనపనార వలల కాలంలో అది మంచి ఆచారమే. నార కొన్నాళ్లకు కుళ్లి నీటిలో కలిసిపోయేది. ఆ తర్వాత ఈ రాజు తండ్రి అడవి దాటి వెళ్లి ఎవరి దగ్గరనుంచో కుళ్లని దారం తెచ్చి, తొలి వలలు తన చేత్తోనే అల్లి గంగమ్మకు అర్పించాడు. వలలు మారాయి. ఆచారం మారలేదు. దాని గురించి ఎవరూ ఆలోచించలేదు. ఆలోచించడానికి తీరిక లేక కాదు.

కీర్తిధరుడు కోటంత వల అల్లించాడు. మొదటి ముడి తన చేత్తోనే వేశాడు. మేళతాళాలతో దాన్ని సముద్రంలోకి దించారు. మర్నాటికి చచ్చిన చేపలు ఒడ్డు నిండా పరుచుకున్నాయి. నిలిచిపోయిన తెప్పలు కొద్దికొద్దిగా మునగసాగాయి.

ఆ తెప్పల్లో ఒకటి పోలయ్యది. అతని కూతురు అసిరమ్మకు తల్లి లేదు. రోజూ ఒడ్డున నిలబడి తండ్రి ఎర్ర తలపాగా కోసం చూసేది. నిన్న మోకాళ్ల వరకు కనిపించిన మనిషి నేడు నడుము వరకే కనిపించాడు. ఇంకొన్నాళ్లకు తలపాగా కూడా కనిపించదని ఆమెకు తెలుసు.

ఒకరోజు ఇసుకలో ఒక పెద్ద తాబేలు కనిపించింది. దాని మెడకూ ముందుకాళ్లకూ వల చుట్టుకుని ఉంది. అసిరమ్మ కత్తి తీసి కోయబోయింది. కత్తి వంగింది గాని దారం తెగలేదు.

"వదిలెయ్యి తల్లీ," అంది తాబేలు. "ఇది ఇనుముకు తెగదు, నిప్పుకు కాలదు. సముద్రం అడుగునంతా ఇదే ఉంది. సముద్రాన్ని కదలనివ్వనిది ఇదే."

"మరి దేనికి తెగుతాది?"

"నాకు తెలియదు. వడికినదానికి తెలుస్తుంది. పడమటి అడవి దాటాక కండెల రక్కసి ఉంది. అక్కడికి వెళ్లినవాళ్లు చాలామందే. అడిగినది అడిగినట్టే ఇస్తుంది. అదే దానితో వచ్చిన చిక్కు."

అసిరమ్మ చద్ది మూట కట్టుకుని బయలుదేరింది.

అడవి ఉండవలసిన చోట మోళ్లు ఉన్నాయి. కనుచూపు మేర ఒక్క చెట్టు లేదు. మధ్యలో ఒక మనిషి గొడ్డలితో మోళ్లనే నరుకుతున్నాడు.

"దగ్గరికి రాకమ్మా," అని అరిచాడతడు. "ఇది నా చేతికి అతుక్కుపోయింది. ఎదురొచ్చినదాన్నల్లా నరుకుతుంది."

"రక్కసిని ఏటడిగావు మావా?"

"మొద్దుబారని గొడ్డలి." అతను గొడ్డలిని ఒక లావాటి మోడు వైపు తిప్పాడు. "ఇది తెగేలోపు నా వెనక నుంచి దాటిపో. పరిగెత్తు."

ఆమె పరిగెత్తింది. మోడు రెండు ముక్కలైన చప్పుడు వినిపించేసరికి అవతల ఉంది.

ఆ తర్వాత దారికి అడ్డంగా ఒక కొండ వచ్చింది. కొండంతా కుండలే. ఎక్కబోతే కాలికింద దొర్లి కిందికి తోసేస్తున్నాయి. ఆమె బోర్లా పడుకుని, ఒక్కో కుండ మూతిలో చెయ్యి దూర్చి పట్టుకుంటూ పైకి పాకింది. శిఖరం మీద ఒక ముసలి కుమ్మరి సారె తిప్పుతూ కూర్చున్నాడు.

"కుండ కావాలా అమ్మీ? ఊరికే ఇస్తా, పట్టుకుపో," అన్నాడు.

"వద్దు తాతా. ఇన్ని కుండలేటి?"

"పగలని కుండలు అడిగాను. పగలట్లేదు. ఇంటింటికీ ఉన్నాయి, ఇక కొనేవాడేడీ?"

"మరింకా సేస్తన్నావేటి?"

"నాకు ఇంకో పని రాదు," అన్నాడు ముసలాడు. చేతిలోది దించి, మళ్లీ మట్టి తీసుకున్నాడు.

కొండ దిగువన రక్కసి గుడిసె ఉంది. ఇల్లంతా దారపు కండెలు. రక్కసి నోట్లోంచి దారం తీసి రాట్నానికి చుడుతోంది. తలెత్తకుండానే అడిగింది.

"ఏం కావాలి పిల్లా?"

దారాలన్నీ తెగిపోవాలి అనే మాట అసిరమ్మ నాలుక చివరిదాకా వచ్చింది. అప్పుడు మోళ్లూ కుండలూ గుర్తొచ్చాయి. దారాలన్నీ తెగితే తెరచాపలు ఊడతాయి, ఉట్లు తెగతాయి, పసిపిల్లల ఉయ్యాలలు పడతాయి. ఆమె ఆ మాట మింగేసింది.

"నాకేటీ ఇవ్వొద్దు. నీ దారం నీకే చిక్కుపడితే ఏటి సేస్తావో సెప్పు."

రాట్నం ఆగింది. రక్కసి ఆమెను పైకీ కిందికీ చూసింది.

"మీ రాజు తండ్రికి ఇది అడగాలని తోచలేదు. కుళ్లని దారం కావాలన్నాడు, ఇచ్చాను. నేను మోసం చెయ్యలేదు. విను. ముడి వేసిన చెయ్యే ఆ ముడి విప్పాలి. ముడులు విడిస్తే దారం దానంతటదే నీరైపోతుంది. వేరేవాళ్ల చెయ్యి తగిలితే ఇంకా బిగుస్తుంది."

"సచ్చిపోయినోళ్ల ముడులో?"

"వాళ్ల దగ్గర అల్లిక నేర్చినవాళ్లు విప్పుతారు. ఎవరూ నేర్వకపోతే ఆ ముడి అలాగే ఉంటుంది. దానికి నా దగ్గర మందు లేదు. ఇక వెళ్లు, పని చెడగొట్టావు."

అసిరమ్మ ఊరు చేరేసరికి తండ్రి ఛాతీ వరకు మునిగిపోయి ఉన్నాడు. ఆమె చెప్పింది విని జనం గొణిగారు. వలలు అల్లడంలో పేరున్న గంటమ్మ ముందుకొచ్చింది.

"గంగమ్మకి ఇచ్చింది ఎనక్కి లాగుతావేటే? కళ్లు పోతాయే గుంటా."

"గంగమ్మకి ఇచ్చామా, గంగమ్మ మెడకి కట్టామా? ముందు అది సెప్పు పెద్దమ్మా," అని అసిరమ్మ ఆమె చెయ్యి పట్టుకుని తాబేలు దగ్గరికి తీసుకుపోయింది.

గంటమ్మ వంగి చూసింది. ముడులను ఒక్కొక్కటిగా వేలితో తడిమింది.

"ఇది నా ముడే," అంది చివరికి. వేలితో ఒక మెలిక తిప్పి లాగింది. వల నీళ్లై ఇసుకలోకి ఇంకిపోయింది. తాబేలు ఎవరికీ దండం పెట్టలేదు, కృతజ్ఞత చెప్పలేదు. నీళ్లలోకి నడిచి వెళ్లిపోయింది.

అప్పుడు ఊరంతా దిగింది. ఒడ్డు దగ్గరనుంచి మొదలుపెట్టారు. వలను పైకి లాగడం, ఎవరి ముడో గుర్తుపట్టడం, వాళ్లను పిలవడం. ఒక వల విడితే వల మేర నీళ్లు కదిలేవి. కదిలిన నీళ్ల మీద పడవ నడిపి తరవాతి వల పట్టేవారు. అలా పోలయ్య తెప్ప దాకా చేరారు. అప్పటికి నీటిపైన అతని ముఖం, తలపాగా మాత్రమే ఉన్నాయి.

తెప్పను రెండు వలలు పట్టుకుని ఉన్నాయి. మొదటిది చూడగానే అసిరమ్మ గుర్తుపట్టింది. అది ఆమె తల్లి దానమ్మ ఆఖరిసారి అల్లిన వల. భార్య పోయాక పోలయ్యే దాన్ని తాను వేటాడే చోట వదిలాడు. దానమ్మది ఎడమచేతివాటం. ఆమె నేర్పిన అల్లిక కూతురికీ ఎడమకే తిరుగుతుంది. అసిరమ్మ ఏడవలేదు. ఒక్కో ముడీ విప్పింది. అమ్మ చేతిపని అదే చివరిది. నీళ్లైపోయింది.

రెండోది రాజుగారి వల. అల్లినవాళ్లందరూ వచ్చి తమ ముడులు విప్పారు. మొదటి ముడి మిగిలింది. దానికోసం కబురు వెళితే రాజు ఒడ్డు దాకా వచ్చాడు.

"నేను రాజును. నీళ్లలో దిగుతానా? ఎవరైనా విప్పండి," అన్నాడు.

"ముడి మీది బాబూ," అంది అసిరమ్మ పడవలోంచి. "మా అయ్య ముక్కుదాకా మునిగిపోనాడు. నాను ముట్టుకుంటే బిగుస్తాది."

రాజు మంత్రుల వైపు చూశాడు. వాళ్లు ఇసుక వైపు చూశారు. చివరికి చెప్పులు విడిచి పడవెక్కి వచ్చి, తెప్ప పక్కన నీళ్లలోకి దిగాడు. అతనికి ముడి వెయ్యడం సరిగా రాదు, అందుకే దాన్ని విప్పడమూ చేతకాలేదు. గోళ్లు చీలాయి. ఉప్పునీళ్లకు మండి కళ్లు చెమ్మగిల్లాయి. పొద్దు వాలే వేళకు ముడి ఊడింది.

ముందు ఒక చిన్న అల వచ్చింది. దాని వెనక ఇంకొకటి. తెప్పలు పైకి లేచాయి. పోలయ్య తెడ్డు దించి చుట్టూ చూశాడు.

"ఇంత మంది వచ్చినారేటి? ఎవలి వల సిరిగింది?" అన్నాడు. కూతురు అతని తడి చెయ్యి పట్టుకుంది. మరి వదల్లేదు.

వారం తిరక్కుండా తూర్పున మబ్బు పట్టి వాన కురిసింది. రాజు అర్ధరాజ్యం ఇస్తానంటే అసిరమ్మ రేవు మీద అధికారం ఒక్కటే అడిగి తీసుకుంది. ఆమె ఏలుబడిలో సముద్రంలోకి వెళ్లిన ప్రతి వలా తిరిగి ఒడ్డుకు రావలసిందే. చిరిగినది విప్పినవాడికే కొత్త దారం. ఆ రేవులో చేపలు దొరికాయి, జనం సుఖంగా బతికారు.

ఆమెకు రేవు అధికారం అప్పగించిన రోజున, అందరి ఎదుట, కీర్తిధరుడు తల దించి అడిగాడు.

"తల్లీ, నన్ను క్షమించావా?"

"మీ నాయన వేసిన వలలింకా అడుగునే ఉన్నాయి బాబూ," అంది అసిరమ్మ. "ఆయన దగ్గర మీరేటి నేర్సుకున్నారో నాకు తెల్దు. దిగి సూడండి."

రాజు చెప్పులు విడిచాడు.