పదకొండో గొలుసు

ఆత్మకూరు దాటి ఉదయగిరి రోడ్డు మీద నాలుగు మైళ్ళు పోతే ఎడంచేతి పక్క ఒక మిట్ట ఉండాది. ఆ మిట్ట మీద మోకాలెత్తు రాయి. మూడు ఊళ్ళ పొలిమేరలు ఆడ కలుస్తాయి కాబట్టి దాన్ని మూడూళ్ళ రాయి అంటారు. పొద్దుగూకినాక ఆ పక్కకి గొర్రెలోళ్ళు కూడా పోరు. పోవాల్సొచ్చినా... నోరు మాత్రం తెరవరు.

ఎందుకంటే ఆడ ఒకడు లెక్క పెడతా ఉంటాడంట.

వెనకటికి చెంచురామయ్య అని ఒకాయన సర్వేలో నేల కొలిచే గొలుసు లాగేవోడు. ఎవరో ఆసామికి మొహమాటపడి ఆ రాయిని ఒక గొలుసు దూరం పక్కకి జరిపినాడంట. వారం తిరక్కముందే ఆ రాయి కాడే పాము కరిచి పోయినాడు. ఊరోళ్ళు రాయిని మళ్ళీ దాని తావులో పాతినారు గానీ, ఆయన లెక్క మాత్రం కుదరలేదు. రాత్రయితే గొలుసు చప్పుడు — గల్... గల్... వెనకనే గొంతు — ఒకటీ... రెండూ... ఆ లెక్కకి ఎవురన్నా బదులు చెప్పినారో, ఆ గొలుసు రెండో కొస ఇంక వాళ్ళ చేతికే!

నేను ఇట్టాంటివి నమ్మే రకం కాదు. ఉదయగిరిలో చెక్క గరిటెలు చేసుకునేవోణ్ణి, నాకెందుకు దెయ్యాలు? కానీ ఇది మా బావ సైమన్ నోటితో విన్న మాట. జ్వరంతో ఒణుక్కుంటా మా ఇంటికొచ్చి, మా సారా అక్క పొయ్యి కాడ ఉన్నప్పుడు, గొంతు తగ్గించి చెప్పినాడు.

మా బావ గురించి ముందు చెప్పాల. ఆత్మకూరులో ఒక నీళ్ళ పథకం ఆఫీసు ఉండేది. ఆడ ట్రేసింగ్ సెక్షన్‌లో మ్యాపులు గీసేది ఆయనే. పద్దెనిమిదేళ్ళు! ఆయన గీత గీసినాడంటే మళ్ళీ దిద్దే పనుండదు. అక్షరాలు అచ్చేసినట్టే. ఆఫీసులో కుర్చీ మీద, బకెట్టు మీద, ఆఖరికి గడ్డపార మీద కూడా సెక్షన్ పేరు తెల్ల పెయింటుతో రాసింది ఆయనే. ఆ గీర కూడా ఆయనకి బాగానే ఉండాది లే.

తొంభై ఏడులో ఆ ఆఫీసుకి కంప్యూటర్ వచ్చింది. ఇంక మ్యాపులన్నీ దాంట్లోకి ఎక్కించాలన్నారు. హైదరాబాదులో మూడు నెలలు నేర్పిస్తారు, సీటు ఒక్కటే అన్నారు. ఒక్కటంటే ఇంకెవరు, మా బావే గదా! రెండు ప్యాంట్లు కుట్టించుకున్నాడు. కొత్త సూట్‌కేసు కొన్నాడు. మా అక్క వీధి వీధంతా చెప్పుకుంది.

ఆర్డరు వచ్చింది. మధులత పేరు మీద వచ్చింది.

వింజమూరు పక్క పల్లె పిల్ల. వాళ్ళ నాయన గొర్రెలు మేపుతాడు. ఆఫీసులో చేరి ఎనిమిది నెలలు, అది కూడా కాంట్రాక్టు. "ఆ పిల్లకి తూముకీ కాలవకీ తేడా నేను చెప్పినాన్రా హెన్రీ! నేను చెప్పినాను!" అని మా బావ నా కాడ గుండె బాదుకున్నాడు. ఓర్వలేకపోయినాడు, అంతే. దాన్ని వేరే పేరుతో పిలవడం నాకు రాదు.

ఆ సూట్‌కేసు మంచం కిందికి పోయింది.

మూడు నెలలకి ఆ పిల్ల తిరిగొచ్చింది. వచ్చి ఎవురికి నేర్పించాల? మా బావకే. ఒక పెద్ద పలక మీద కాయితం మ్యాపు అంటించాల. చేతిలో మీటలున్న చిన్న డబ్బా. డబ్బాకి అద్దం, అద్దంలో సన్న గీతల సిలువ. ఆ సిలువని గీత మీద పెట్టి మీట నొక్కుతా పోతే, నొక్కిన కాడల్లా కంప్యూటర్లో చుక్క పడతాది. చుక్కలు కలిసి గీతవుతాది. చెరువులు ఒక పొర, బాటలు ఒక పొర, చేలు ఒక పొర. కావాల్సిన పొర తెరుచుకోవచ్చు, వద్దంటే మూసుకోవచ్చు.

మొదటి రోజు మా బావ ఒక చేను చుట్టూ గీసినాడు. గీసి, చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

"సార్... మీ చేను మూసుకోలేదు."

"ఏంది?"

"ఈడ సందు ఉండాది సార్. కంటికి కనపడదు. కానీ గట్టు కలవకపోతే కంప్యూటర్ దాన్ని చేను అనుకోదు."

పక్క బల్లోళ్ళు కిసుక్కుమన్నారు. ఆ పిల్ల నవ్వలేదు, పాపం. అయినా మా బావకి ఆ నవ్వంతా ఆ పిల్లదే అనిపించింది. ఆ రాత్రి అన్నం తినలేదంట. ఆ పిల్ల ఎంత ఓర్పుగా నేర్పిస్తే ఈయన కడుపు అంత మండేది.

ఆఖరికి మధులత మొదటి మ్యాపు అయ్యింది. ఆఫీసర్ శ్రీనివాసులు సారు అందర్నీ పిలిచి చెప్పినాడు.

"ఇది మూడూళ్ళ రాయి నించి చెరువు తూముకి రెండొందల ఇరవై మీటర్లు అంటా ఉండాది. మన గొలుసు ఇరవై మీటర్లు. అంటే పదకొండు గొలుసులు. సోమవారం పొద్దున నా ముందర కొలవండి. సరిపోతే సెక్షన్ మధులతది, పర్మినెంటుకి రాస్తాను. సరిపోకపోతే... అమ్మాయ్, ఈ నెలతో నీ కాంట్రాక్టు సరి."

మా బావ ఉద్యోగం జోలికి ఎవురూ పోలేదు చూడు! అయినా ఆయనకి ఆ పొద్దు ఒకటే మాట చెవిలో తిరిగింది — సెక్షన్ మధులతది... సెక్షన్ మధులతది...

ఆదివారం రాత్రి. చర్చిలో పాట పాడి, ప్రార్థన చేసి, బయటికొచ్చి సైకిలెక్కినాడు మా పెద్దమనిషి. క్యారియరుకి ఆఫీసు గడ్డపార.

"ఛీ, సిగ్గు లేదా బావా?" అన్నాను ఈ మాట చెప్పినప్పుడు.

"లేదురా," అన్నాడు. "ఆ పొద్దు లేదు."

మబ్బు పట్టిన రాత్రి. రోడ్డు మీద ఆఖరి బస్సు పోయింది. మిట్ట ఎక్కి రాయి చుట్టూ తవ్వినాడు. పెకిలించి, తూము పక్కకి ఇరవై ఏడు అడుగులు లెక్కేసుకుని దొర్లించినాడు. ఆయన అడుగులు ఇరవై ఏడైతే ఒక గొలుసు. వేలు నలిగి నెత్తురు వచ్చింది, పట్టించుకోలేదు. కొత్త తావులో పాతి, చుట్టూ మన్ను తొక్కినాడు. రేపు పది గొలుసులకే రాయి తగలతాది. పిల్ల మొహం మాడిపోతాది. అనుకుంటే ఎంత సంతోషమేసిందో, ఆ సంతోషం చూసి తనకే బయమేసిందంట.

వెనక్కొచ్చి పాత గుంట పూడుస్తా ఉన్నాడు. అప్పుడు —

గల్...

చెయ్యి ఆగిపోయింది.

గల్... గల్...

తూము పక్కనించి. పద్దెనిమిదేళ్ళు విన్న చప్పుడు, పొరపాటు పడే పనే లేదు. నేల మీద ఈడ్చుకొచ్చే ఇనప గొలుసు.

దూరంగా నేలబారున ఎర్రటి మిణుకు. ఆగింది. జరిగింది. మళ్ళీ ఆగింది.

"ఆరూ..."

మగ గొంతు. బొంగురుగా, అలిసిపోయినట్టు. మా బావ కంపచెట్టు వెనక్కి పాకినాడు. ముళ్ళు గుచ్చుకుంటా ఉన్నా తెలవలేదు.

"ఏడూ..."

"యేసయ్యా," అనుకున్నాడు. ఇందాక చర్చిలో అన్న మాటే. ఇప్పుడు పలికేదానికి నాలిక తిరగలేదు.

"ఎనిమిదీ..."

"తొమ్మిదీ..."

దగ్గిరికి వచ్చేసింది. రాయి కాడికి, తను జరిపిన రాయి కాడికి వచ్చేసింది.

"పదీ..."

చప్పుడు ఆగిపోయింది. గొలుసు కదల్లేదు. మిణుకు కదల్లేదు.

"పదీ...?"

ఈ తూరి అడిగినట్టు ఉండాది. ఏదో తక్కువైనట్టు, ఎవుర్నో ఎతుకుతా ఉన్నట్టు.

గొలుసు పనిలో ఒక పద్ధతి ఉండాది. ఒక కొసనోడు లెక్క చెప్తే రెండో కొసనోడు పలకాల. ఇవతలోడు తడబడి ఆగితే అవతలోడు తరవాతి లెక్క అందించాల, లేకపోతే మళ్ళీ మొదట్నించీ కొలవాల. మా బావ చేరినప్పుడు మూడేళ్ళు ఎండలో గొలుసు పట్టినోడే. అది నోటికి పట్టిన అలవాటు, మనిషి చేతుల్లో ఉండదు.

"పదీ......?"

"పదకొండు," అన్నాది మా బావ నోరు.

ఆయన అన్లేదు. నోరు అన్నాది. అట్టనే చెప్పినాడు నాకు.

ఆ పైన సైకిలు ఎట్ట ఎక్కినాడో, ఆత్మకూరు ఎట్ట చేరినాడో ఆయనకి తెలవదు. గడ్డపార ఆడనే పడిపోయింది.

సోమవారం పొద్దున ఆఫీసర్ ముందర గొలుసేసినారు. మా బావ జ్వరంతోనే పోయినాడు, పోకపోతే అనుమానమొస్తాదని. ఎనిమిది... తొమ్మిది... పది... రాయి లేదు! పదకొండో గొలుసు చాచినారు. కొస సరిగ్గా పోయి రాయికి తగిలింది. రాయి పాత తావులోనే ఉండాది. చుట్టూ మన్ను మాత్రం పచ్చిగా ఉండాది.

అందరూ చప్పట్లు కొట్టినారు. మా బావ కూడా కొట్టినాడు.

సాయంత్రం ఆఫీసు ఖాళీ అయినాక మధులత ఆయన బల్ల కాడికి వచ్చింది. పాత పేపర్లో పొడుగ్గా ఏదో చుట్టి తెచ్చింది. బల్ల మీద పెట్టి, కొస విప్పింది. గడ్డపార. తెల్ల పెయింటు. అచ్చేసినట్టు అక్షరాలు — ట్రేసింగ్ సెక్షన్.

"దెయ్యం మరిచిపోయి పోయింది సార్."

మా బావ తలొంచుకున్నాడు.

"రాత్రి నాకు నిద్ర పట్టలా సార్. ముందుగా ఒకసారి కొలుచుకుందామని మన ఆఫీసులో గొలుసు పట్టే శీనయ్య తాతని బతిమాలి తీసకపోయినాను. ఆ రాయి కాడ దీపం కనపడితే రాయి జరుపుతా ఉండారని ఊరోళ్ళు కట్టెలతో వస్తారన్నాడు తాత. టార్చికి ఎర్ర రుమాలు చుట్టి పట్టుకున్నాను. పదికే రాయి వచ్చింది. నా ప్రాణం పోయిందనుకోండి. నా లెక్క తప్పిందే, ఉద్యోగం పోయిందే, నాయనకి ఏం చెప్పాలా అని నిలబడి ఏడ్చినాను. అప్పుడు మీ గొంతు వినపడింది. పదకొండు అని. ఇంకో గొలుసు చాచి చూస్తే సగం పూడ్చిన గుంట. తాతా నేనూ రాయిని మళ్ళీ ఆడికే దొర్లించి పాతినాం."

"శ్రీనివాసులు సారుకి చెప్పలేదా?" అన్నాడు మా బావ.

"ఏం చెప్పాల సార్? నేను కంప్యూటర్లోకి ఎక్కించింది ఎవురి మ్యాపు? ఎనభై తొమ్మిదిలో మీరు గీసిందే గదా. రాయి కాడ లెక్క తప్పితే ఆ తప్పు మీ గీతది అయ్యుండేది. ఆ మాటన్నా ఆలోచించలేదా మీరు?"

ఆలోచించలేదు. ఆ పిల్ల పడిపోతే చాలనుకున్నాడు గానీ, పడేది తన పద్దెనిమిదేళ్ళ చెయ్యి అని తట్టనే లేదు. ఆడనే బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చినాడంట మా బావ. సెక్షన్ పోయినందుకు కాదురా అన్నాడు నాతో. నేను నమ్మినాను.

రొంతసేపటికి తలెత్తి, మొహం తుడుచుకున్నాడు.

"అయినా శీనయ్య గొంతు అట్ట ఉంటాదని నేను ఎరగనమ్మా. ఆ లెక్క వింటా ఉంటే నా ఒళ్ళు చల్లబడిపోయింది."

మధులత ఆయన పక్క వింతగా చూసింది.

"ఏం లెక్క సార్?"

"ఆరూ, ఏడూ అని... మీరు పైకి చెప్పుకుంటా వచ్చినారు గదా?"

"మేమా? ఆ మిట్ట కాడ నోరు విప్పకూడదని తాత ముందే ఒట్టేయించినాడు సార్. గొలుసుకొక పుల్ల గుచ్చుకుంటా వచ్చినాం. మాకు వినపడింది ఒక్క మాటే... అది మీదే."

ఫ్యాను తిరగతా ఉండాది.

ఆ తరవాత ఆ పిల్ల కంప్యూటర్ ముందర కూర్చుంది. మ్యాపులో మూడూళ్ళ రాయి చుక్క మీద నొక్కింది. చుక్క వెనక ఒక పట్టీ తెరుచుకుంది — రాయి నంబరు, ఊళ్ళ పేర్లు, గీసింది ఎవురు, ఎక్కించింది ఎవురు. గీసింది కాడ సైమన్. ఎక్కించింది కాడ మధులత. ఆఖరి గడి ఖాళీగా ఉండాది. సరిచూసింది ఎవురు?

"మీరు కొట్టండి సార్," అని కుర్చీ ఇచ్చింది.

మా బావ కూర్చున్నాడు. వేలికి కట్టిన గుడ్డ అడ్డం పడతా ఉన్నా, ఒక్కో మీటా ఎతుక్కుంటా, ఒక్కో అక్షరం కొట్టినాడు.

చెంచురామయ్య.