చల్లారని కుర్చీ

నాకు అబద్ధం చెప్పుడు రాదు. జర పెంచి చెప్తనంతే. కిషన్‌బాగ్‌ల ఈ రమాబాయి నడిచొస్తుంటే చార్మినార్ కూడ పక్కకు జరిగి తొవ్వ ఇస్తదని అందరికీ తెలుసు.

నా మనుమరాలు వాగ్దేవి మూడేండ్ల సంది వంటింటి పక్క బల్ల మీదనే కంప్యూటర్ పెట్టుకొని నౌకరి చేసింది. పోయిన నెల కంపెనీ హుకుం వచ్చింది. ఆఫీసుకొస్తేనే ఉద్యోగం, లేకుంటే లేదు. మా ఇల్లు నడిచేదే దాని ఉద్యోగం మీద. పోక తప్పలే.

నయాపూల్ దాటేసరికే మనిషికి ఒక జన్మ గడిచిపోతది, అవతల ఇంకో రెండు బస్సులు. ట్రాఫిక్‌కు అలసిపోతదనుకున్న. నాలుగో దినం పిల్ల చెప్పులు విప్పకుండనే గడప మీద పడి నిద్రపోయింది. ఇరవై ఆరేండ్ల ముఖంలో నా కంటె ముసలి అలసట.

"ఏంది బిడ్డా, రాళ్ళు మోయిస్తున్నరా?"

"ఊకె కూర్చునే ఉంటున్న నానమ్మా," అన్నది కండ్లు తెరవకుండ.

మరునాడు మధ్యాహ్నం టిఫిన్ డబ్బా వంకతోని నేనే పోయిన. ఏడో అంతస్తు. వెయ్యి కుర్చీలు... సరే, ఎనభై. మనుషులు మాత్రం పది మంది. అందరూ నిలబడే పని చేస్తున్నరు, నిన్న కూర్చునే ఉంటున్ననన్న మా పిల్లతో సహా. ఏసీ చప్పుడు తప్ప మాట లేదు. పాచిపోయిన టీ వాసన, దాని కింద ఎన్నో దినాలు నిద్ర లేని మనిషి వాసన.

తలుపు కాడి కాపలా మనిషి ఓదెలు మెల్లగ అన్నడు, "అవ్వా, కూర్చోకు."

"ఆ మాట నా మోకాళ్ళకు చెప్పు భాయ్," అనుకుంట దగ్గరున్న కుర్చీల కూలబడ్డ.

వెచ్చగున్నది. ఇప్పుడే ఎవరో లేచినట్టు.

పక్క కుర్చీ మీద చెయ్యి పెట్టిన. అదీ వెచ్చగనే. దాని పక్కది కూడ...

మా అత్త అనేది, ఒకరు లేచిన పీట చల్లారకముందే కూర్చోవద్దు, వాళ్ళ అలసట అంటుకుంటదని. నవ్వేదాన్ని. ఇప్పుడు లేద్దామంటే కాళ్ళు లేవలే. రెప్పలు మూతపడుతున్నయి. నా కింద ఏదో మెత్తగ కదిలింది. చెవి దగ్గర, పని చేసి చేసి అరిగిపోయిన గొంతు...

"జర... నన్ను కూర్చోనియ్యరాదూ..."

ఇది మాత్రం పెంచి చెప్పింది కాదు.

వాగ్దేవి ఉరికొచ్చి రెండు చేతులతో గుంజింది. "అందుకే అందరూ ఇంటి నుంచి పని అడుగుతున్నరు నానమ్మా," అన్నది గుసగుసగ. "కారణం ఏమని రాయాల్నో ఎవరికీ తెలుస్తలేదు."

"నా మోకాళ్ళ నొప్పులని రాయి."

అట్లనే రాసింది. వాళ్ళ మేనేజర్ ప్రేమ్‌రాజ్ చదవకుండనే సంతకం పెట్టిండు. ఆయన కూడ నిలబడే.

తెల్లారి పది గంటలకు వాగ్దేవి మా బల్ల మీద కంప్యూటర్ తెరిచింది. కూర్చోబోయి ఆగింది. నా దిక్కు చూసింది.

మా ఇంట్ల నాలుగు కుర్చీలు. పొద్దటి నుంచి ఎవరం ముట్టలే. ఒక్కొక్కదాని మీద అరచెయ్యి పెట్టి చూసిన.

మూడు చల్లగున్నయి.