ర్యాంపు మీద రాయబారం

“ఆపండి!”

ఎర్ర జెండా పట్టుకుని ఒకమ్మాయి జేసీబీకి అడ్డంగా నిలబడింది. ఇంజినీరు బురదలో బూట్లు ఈడ్చుకుంటూ వచ్చాడు.

“ఏమైందండీ?”

“గుడ్లు. మీ జేసీబీ వేసిన గాడిలో పెట్టింది పిట్ట.”

“తీరమంతా ఖాళీగా ఉంటే దానికి నా గాడే దొరికిందా?”

“మీ పని నచ్చినట్టుంది.”

అతని పనికి ఆ సైట్లో దక్కిన మొదటి మెచ్చుకోలు అదే.

ఆపదలో ఉన్నవాళ్లను కాపాడే బోటు సముద్రంలోకి దిగడానికి ర్యాంపు కట్టడం అతని పని. ఆ తీరంలో గూళ్లు పెట్టుకునే పిట్టల జోలికి ఎవరూ పోకుండా చూడడం ఆమె పని. పిల్లలు ఎగిరేదాకా తాడు కట్టిన మేర ఎవరూ కాలు పెట్టకూడదు. ఆ తాడు కాస్తా ర్యాంపు మొదలయ్యే చోటే పడింది.

చిక్కేమిటంటే, ఆ బోటు కెప్టెన్ ఆమె కన్నతండ్రి. నీరు వెనక్కి తీసిన వేళ బోటును ట్రాక్టరుతో బురదలో ఈడ్చుకెళ్లేసరికి మునిగేవాడు మునిగిపోతున్నాడని ఆయన బాధ. కూతురు జెండా ఎత్తిన రోజు నుంచి ఆమెతో మాటలు మానేశాడు. ఇంట్లో ఉన్నదే ఇద్దరు. మధ్యలో ఇంజినీరు దొరికాడు.

“మధ్యాహ్నం భోజనానికి రానని మా అమ్మాయికి చెప్పు బాబూ,” అన్నాడు కెప్టెన్, ఆమె పక్కనే ఉండగా.

“భోజనానికి రారటండీ.”

“డబ్బా తెచ్చానని చెప్పండి.”

“డబ్బా...”

“వినపడిందయ్యా.”

ఆమెకు జలుబు చేస్తే కెప్టెన్ మందుబిళ్లలు కూడా ఇంజినీరు చేతికే ఇచ్చాడు. ఆమె అతని కళ్లలోకి చూసి “థాంక్స్” అంది. అది తండ్రికి చేరవలసిన థాంక్సని అతనికి తెలుసు. అయినా కాసేపు తన దగ్గరే ఉంచుకున్నాడు.

ఒకరోజు వానకు ఇద్దరూ సైటు ఆఫీసు చూరు కింద ఇరుక్కున్నారు.

“మీరెప్పుడూ నీళ్లకు అంత దూరంగా నిలబడతారేం?”

“ఈత రాదండీ.”

“సముద్రంలో ర్యాంపు కడుతున్నారు కదా!”

“అందుకే కాస్త గట్టిగా కడుతున్నా.”

ఆమె పడీపడీ నవ్వింది. ఈ అమ్మాయి లేకుండా తనకు గడవదని అతనికి ఆ చూరు కిందే తెలిసిపోయింది.

పని ఆగినన్నాళ్లూ ఆమె పక్కనే ఉండొచ్చు. పూర్తయితే వేరే సైటుకు పోవాలి. నోరు మూసుకుని కూర్చుంటే చాలు. కానీ ఒక సాయంత్రం బోటు ఆలస్యంగా వెళ్లి, ఎవరినీ కాపాడలేక ఖాళీగా తిరిగొచ్చింది. కెప్టెన్ ఆ రోజు ఇంజినీరుతో కూడా మాట్లాడలేదు. ఆమె తాడు పక్కన కూర్చుని ఏడ్చింది.

“నేను తప్పు చేస్తున్నానా?”

“మీరు కాదండీ. నేనే ఒక వైపు నుంచే ఆలోచిస్తున్నా.”

మర్నాటి నుంచి కాంక్రీటు పలకలు వేరేచోట పోతపోయించి, పడవల మీద తెప్పించి, సముద్రం వైపు నుంచి పేర్చుకుంటూ వచ్చాడు. నీళ్లకు అంత దగ్గరగా నిలబడాల్సి రావడంతో రోజంతా లైఫ్ జాకెట్ విప్పలేదు. పని తాడు దాకా వచ్చేసరికి పిట్ట పిల్లలు ఎగిరిపోయాయి. తుఫాన్ల కాలానికి ముందే ర్యాంపు పూర్తయింది. అందరూ సంబరపడుతుంటే అతని మొహాన మాత్రం కత్తివాటుకు నెత్తుటి చుక్క లేదు.

బోటు మొదటిసారి ర్యాంపు మీంచి జర్రున జారి నీళ్లలోకి దిగింది. ఒక చుట్టు తిరిగొచ్చిన కెప్టెన్ కళ్లు తుడుచుకున్నాడు. కూతురి మీద కోపం ఎప్పుడో పోయింది. ముందు ఎవరు మాట్లాడాలన్నదే తేలలేదు. అందుకని అలవాటుగా ఇంజినీరును పిలిచాడు.

“రేపు వెళ్లిపోతున్నావట?”

“అవునండీ.”

“ఒక్క మాట మా అమ్మాయిని అడుగు బాబూ. నిన్ను పెళ్లి చేసుకుంటుందేమో.”

ఇంజినీరు తిరిగి చూశాడు. ఆమె అక్కడే జెండా చుట్టిపెడుతోంది.

“మీ నాన్నగారు అడగమంటున్నారు...”

“ఆయన సంగతి సరే. మీరు అడుగుతున్నారా?”

“నేనే అడుగుతున్నానండీ. ఆ వానరోజు నుంచీ అడగాలనే ఉంది.”

“అయితే చేసుకుంటానని చెప్పండి.”

“చేసుకుంటుందటండీ,” అన్నాడు ఇంజినీరు, కెప్టెన్ వైపు తిరిగి.

కెప్టెన్ అతన్ని హెల్మెట్ నుంచి బూట్ల దాకా చూశాడు. లైఫ్ జాకెట్ దగ్గర చూపు ఆగింది. అప్పుడు నేరుగా కూతురి వైపు తిరిగాడు.

“ఇతనికి ఈతొచ్చా, అమ్మా?”

“రాదు నాన్నా.”

“సరేలే. ఇద్దరం కలిసి నేర్పిద్దాం,” అన్నాడు.