రెండింటికి వచ్చే చేతులు

ఆ ఆసుపత్రిలో మూడో అంతస్తు చివరి గదంటే చాలు, ఆయాలు చీపురు కూడా గుమ్మం బయట నిలబడే ఆడించేవాళ్ళు. ఇక మందులతో పనిలేదు, నొప్పి లేకుండా చూస్తే చాలు అనుకున్నవాళ్ళని ఆ గదిలో ఉంచుతారు. భయం అందుకు కాదు. ఆసుపత్రికి చావులు కొత్తా ఏంటి? రాత్రి రెండింటికి ఆ గదిలో ఎవరో గుసగుసగా, "కాస్త ఓర్చుకోమ్మా..." అంటారట. అదీ భయం.

నాకు ఆ ఆయాల్లో ఒకామె చెప్పింది, చెప్పినట్టే చెప్తున్నా. నమ్మితే నమ్మండి.

అప్పట్లో కొత్తగా ఒక నర్సు చేరింది. అందరూ చిన్న సిస్టరు అనేవాళ్ళు. చేరిన రోజే ఆయా ఈ గుసగుసల సంగతి చెవిన వేస్తే, పకపకా నవ్వింది.

"ఓర్చుకోమనే దెయ్యమా ఆయమ్మా? మన డాక్టర్లకంటే నయమే!"

ఆయా మూతి ముడుచుకుంది. "నవ్వు, నవ్వు. నీకూ పడుతుందిలే నైట్ డ్యూటీ."

పడింది. ఆ గదిలో అప్పుడు టీచరమ్మ ఉంది. ముప్ఫయ్యేళ్ళు పిల్లలకి లెక్కలు చెప్పిన మనిషి, ఇప్పుడు తనంతట తాను పక్కకి తిరగలేదు. నడుము కింద పుండు పడింది. చిన్న సిస్టరు సెలైన్‌తో కడిగి కట్టు కడుతుంటే పళ్ళ బిగువున అంది:

"అమ్మాయ్, నేను పోవడం నువ్వు ఆపలేవని నాకు తెలుసు. ఈ పుండు మాత్రం పెరగనివ్వకు. చావుకి కాదు, దీనికే నాకు భయం."

"పెరగనివ్వను టీచరమ్మా. రెండు గంటలకోసారి నేనే తిప్పి పడుకోబెడతా. మాటిస్తున్నా."

మాటైతే ఇచ్చింది... మూడో రాత్రి ఒంటిగంటకి, ఒక్క నిమిషం అనుకుని కుర్చీలో కూర్చుంది. కళ్ళు తెరిచేసరికి నాలుగు కావస్తోంది!

పరుగెత్తింది. తలుపు తోసింది —

టీచరమ్మ ఎడమవైపు ఒత్తిగిలి హాయిగా నిద్రపోతోంది. పన్నెండింటికి తను పడుకోబెట్టింది కుడివైపు! వీపు వెనక మడతపెట్టిన దుప్పటి... మోకాళ్ళ మధ్య దిండు... మడమలు పరుపుకి ఒరుసుకోకుండా పిక్కల కింద ఇంకో దిండు. తను చేసినా అంత కుదురుగా రాదు.

చార్టులో రెండుగంటల గడి ఖాళీగానే ఉంది. ఆయాని లేపి అడిగితే, "నేనా? ఆ గదిలోకా?" అని మళ్ళీ ముసుగు తన్నింది.

మర్నాటి రాత్రి చిన్న సిస్టరు కునుకు తీయలేదు. లైటు ఆర్పి, చివరి గదిలో తెర వెనక నిలబడింది. భయం లేదా అంటే, ఒళ్ళంతా చెమటే. కానీ తెలియని చేతులు మొరటుగా తిప్పితే పుండు రేగిపోతుంది. మాటిచ్చింది కదా మరి!

రెండయింది.

వరండాలో అడుగులు... చెప్పుల్లేని అడుగులు. తలుపు మెల్లగా తెరుచుకుంది. ఎవరో మంచం దగ్గర ఆగారు. అరచేతులు రెండూ రుద్దుకుంటున్న చప్పుడు... చల్లటి చేతులు తగిలి ఉలిక్కిపడకుండా వేడి చేసుకుంటున్నారు!

"కాస్త ఓర్చుకోమ్మా... అయిపోయింది... అయిపోయింది."

కిటికీ వెలుగులో మొహం కనబడింది. ఓరి దేవుడో — గేటు దగ్గరుండే వాచ్‌మన్ తాత! కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ ఆ చూపు ఇక్కడ లేదు. మనిషి నిద్రలో నడుస్తున్నాడు.

పొద్దున కట్టు విప్పితే పుండు అంచున ఎరుపు తగ్గింది. చిన్న సిస్టరు తిన్నగా గేటు దగ్గరికెళ్ళి చూసిందంతా చెప్పింది. తాత తెల్లబోయాడు. ఒక్క ముక్కా గుర్తులేదు. కాసేపటికి స్టూలు మీద కూలబడ్డాడు.

"మా ఆవిడ నాలుగేళ్ళు మంచంలో ఉందమ్మా. రెండు గంటలకోసారి నేనే తిప్పేవాణ్ణి. చివరి వారం ఆ గదిలోనే ఉంచారు. ఆ రాత్రి రెండింటికి... నాకు కునుకు పట్టేసింది. లేచేసరికి లేదు." మొహం తుడుచుకున్నాడు. "ఏడాదయింది. కంటినిండా నిద్రంటే ఏంటో మర్చిపోయా."

చిన్న సిస్టరుకి కన్నీళ్ళు ఆగలేదు. ఆ పాడు కునుకు ఎలా పడుతుందో తనకి తెలుసు.

"ఇవాళ మా డ్యూటీ గదిలో పడుకో తాతా. రెండింటికి నేను తిప్పుతా."

"మళ్ళీ లేచి పోతానేమో... బయట గొళ్ళెం పెట్టమ్మా," అన్నాడు.

పెట్టింది. తాత గురక వరండా అంతా వినబడింది. చిన్న సిస్టరు రెప్ప వాల్చలేదు. రెండు కాగానే లేచి, దారిలోనే అరచేతులు రుద్దుకుంటూ చివరి గదిలోకి వెళ్ళింది.

పన్నెండింటికి కుడివైపు పడుకోబెట్టిన టీచరమ్మ ఎడమవైపు ఒత్తిగిలి ఉంది. వీపు వెనక దుప్పటి... మోకాళ్ళ మధ్య దిండు...

వెనక్కి పరుగెత్తింది. గొళ్ళెం వేసినట్టే ఉంది. లోపల తాత గురక ఆగలేదు. మళ్ళీ మంచం దగ్గరికొచ్చింది.

"టీచరమ్మా... ఎవరు తిప్పారు?"

టీచరమ్మ కళ్ళు తెరవకుండానే గొణిగింది. "ఎవరో ఆవిడ... చేతులు రుద్దుకుంది పాపం, ఎంత రుద్దినా వేడెక్కలేదు. పెద్దాయన్ని లేపొద్దంది... ఏడాదికి ఇవాళే పడుకున్నాడట."