హారతి పళ్లెంలో మాత్ర

“తాగలేదని చెప్పి ఆర్పురా. నా కళ్ల ముందర ఆర్పు.”

దుర్గాంబ హారతి పళ్లెం పట్టుకుని నిలబడింది. మధ్యలో ప్రమాణం చేసి ఆర్పాల్సిన కర్పూరం మండుతోంది. ఎదురుగా కొడుకు ఉమామహేశ్వర్లు తల వంచుకుని కూర్చున్నాడు. వంటింటి గడపలో అన్నపూర్ణ నిలబడి ఉంది. ఆర్పండీ, ఒక్క మాట చెప్పి ఆర్పేయండీ... అని మనసులోనే భర్తను బతిమాలుకుంది.

మొన్న మార్కాపురంలో అతనికి స్కానింగు తీసి, లివర్‌కు కొవ్వు పట్టిందని చెప్పారు. లివరన్న మాట వింటే చాలు, మన ఊళ్లల్లో గ్లాసెత్తినట్టు చెయ్యి తిప్పి చూపిస్తారు కదా! దుర్గాంబ భర్త దశరథరామయ్య పోయింది ఆ తాగుడుతోనే. పొట్ట ఉబ్బి, కళ్లు పచ్చబడి, గిద్దలూరు బజారంతా చూస్తుండగా పోయాడు. ఇప్పుడు కొడుక్కీ అదే జబ్బని విన్నప్పటి నుంచి ఆవిడ మెతుకు ముట్టలేదు. అన్నపూర్ణ మాత్రం తక్కువా? భర్త నిద్రపోయాక వంగి అతని నోటి వాసన చూసింది. ఏ వాసనా లేదు. అయినా అనుమానం పోలేదు, ఆ సిగ్గు ఆమెను లోపల్లోపలే కోసేస్తోంది.

“నేను ఆర్పనమ్మా” అన్నాడు ఉమామహేశ్వర్లు. “నాయన కూడా ఇదే పళ్లెంలో ఆర్పినాడు. మళ్లా సాయంత్రానికే తాగొచ్చినాడు. నా మాట నమ్మకుంటే కర్పూరం మాటేం నమ్ముతావు?”

కర్పూరం దానంతటదే కాలిపోయింది. దుర్గాంబ గోడకు ఆనుకుని కూలబడింది. లేవబోయిన ఉమామహేశ్వర్లు గుండె పట్టుకుని మళ్లీ కూర్చుండిపోయాడు. ముఖమంతా చెమటలు. అన్నపూర్ణ పరుగెత్తి అతని మణికట్టు పట్టుకుంది. నాడి ఒకసారి గబగబా కొట్టుకుంటోంది, ఒకసారి ఆగినట్టే ఉంటోంది. షుగరుతోపాటు గుండె లయ తప్పే జబ్బు అతనికి ఎప్పటినుంచో ఉంది. మాత్ర కోసం చొక్కా జేబు తడిమింది. అట్ట నిండుగా ఉంది, ఒక్కటీ చించలేదు!

“ఏందండీ ఇది... మింగట్లేదా?”

“ఇన్ని మాత్రలు మింగితే లివర్ చెడుతుందని మన దుకాణానికొచ్చినోళ్లు చెప్పినారు. అందుకే ఆపేసినా” అన్నాడు. తర్వాత మెల్లగా అడిగాడు, “నేను పడుకున్నప్పుడు నువ్వు వాసన చూసినావు కదా, అన్నపూర్ణా?”

ఆమె అతని చెయ్యి తన చెంపకు ఆనించుకుని వలవలా ఏడ్చింది.

పక్కింటి గౌస్ మొహిద్దీన్ కారు తీశాడు. కారు కంభం దాటి మార్కాపురం వైపు పరుగెత్తింది. దుర్గాంబ ముందు సీట్లో కూర్చుని వెనక్కి తిరిగి తిరిగి చూస్తూనే ఉంది. అన్నపూర్ణ భర్త మణికట్టు వదల్లేదు.

మార్కాపురంలో డాక్టరమ్మ ఇంజెక్షను ఇచ్చి, గుండె కాస్త కుదుటపడ్డాక బయటికొచ్చింది. దుర్గాంబ ఆమె చెయ్యి పట్టుకుంది. “నిజం చెప్పు తల్లీ. నా కొడుకు తాగుతాడా?”

“ఆయన తాగలేదంటే నేను నమ్ముతానమ్మా. షుగరుండి పొట్ట పెరిగినోళ్లకు చుక్క ముట్టకున్నా లివర్‌కు కొవ్వు పడుతుంది. తిండి, బరువు తగ్గించుకోవాలి. కానీ గుండె మాత్రలు సొంతంగా ఆపినందుకు రక్తం గడ్డకట్టి పక్షవాతం వచ్చుండేది.”

దుర్గాంబ కొంగు నోట్లో కుక్కుకుంది. భర్త చేసిన పాపానికి కొడుకును బోనులో నిలబెట్టింది తానేనని ఆ ముసలి ప్రాణానికి అప్పటికి అర్థమైంది.

ఇంటికొచ్చిన మర్నాడు పొద్దున ఆవిడ మళ్లీ హారతి పళ్లెం పట్టుకుని కొడుకు ముందు నిలబడింది. మళ్లీ ప్రమాణమేమో అనుకుంది అన్నపూర్ణ. దగ్గరికెళ్లి చూస్తే పళ్లెం మధ్యలో మసి తోమేసిన చోట మాత్ర ఉంది, పక్కన గ్లాసుతో నీళ్లు.

“ప్రమాణాలేం వద్దు నాయనా. ఇది మింగు” అంది దుర్గాంబ.

అతను మింగాడు. ఆవిడ గ్లాసు అందుకుని కోడలి వైపు తిరిగింది. “అన్నపూర్ణా, నాక్కూడా ఇంత అన్నం పెట్టమ్మా... ఆకలేస్తాంది.”