హాస్టల్‌లో పోయిన చావి

గురువారం ఉదయం 7:50. కరీంనగర్‌లోని ఓ పోలీస్ స్టేషన్‌లో ఫోన్ మోగింది.

హెడ్ కానిస్టేబుల్ బుచ్చిరాములు ఎత్తాడు.

"సార్, లేడీస్ హాస్టల్ నుంచి. సోమవారం పిల్ల చావి పోయింది. ఇయ్యాల పిల్లే పోయింది!"

8:05కి జీపు హాస్టల్ ముందు ఆగింది. వెనక సీట్లో పంచనామా కాగితాలు. తెల్లగుడ్డ.

"బాడీ ఎక్కడ?" ఎస్సై నూరీన్ అడిగింది.

వార్డెన్ కోమల బిత్తరపోయింది. "బాడీ ఏంది మేడం! చావు కాదు, చావి! తాళం చావి!"

నూరీన్ బుచ్చిరాములు వైపు చూసింది.

"గుడి కాడ దిగాల్సినోన్ని కొమ్మెక్కిన మేడం," అన్నాడతను. చావికి గుడి, చావుకు కొమ్ము. స్టేషన్‌లో అయితే నవ్వేవాళ్లు. ఇక్కడ ఎవరూ నవ్వలేదు.

మాయమైంది వందన. డిప్లొమా ఫస్టియర్. సొంతూరు బెల్లంపల్లి.

"సోమవారం ఏమైంది?"

"రాత్రి ఎనిమిది. టీవీ చూస్తున్న. వచ్చి చావి పోయిందన్నది. డూప్లికేట్ ఇచ్చి రిజిస్టర్ల రాసిన."

"ఏడ్చిందా?"

"ఏడ్వలే. మొఖంల ఏం లే. ఇచ్చింది తీస్కొని పోయింది."

"తర్వాత?"

"క్లాసుల చెప్తే చెవిన పెడ్తలేదని సార్ల కంప్లైంట్. రెండు రోజులు బయట నిలబెట్టిండ్రు. పొగరు మేడం! టీసీ ఇచ్చి పంపుడే అన్నడు ప్రిన్సిపాల్ సార్."

8:15. గది నంబర్ 9. గడియకు తాళం వేలాడుతోంది. తాళానికి చావి ఉంది. చావికి ఎర్రదారం, దారానికి అట్టముక్క, అట్టముక్క మీద 'వందన'.

"పోయిన చావి గీడనే ఉన్నది గదా! మరి పోయిందేంది?" బుచ్చిరాములు అడిగాడు.

నూరీన్ ఆ ప్రశ్నను నోట్‌బుక్‌లో రాసుకుంది.

గేటు దగ్గర ఆయా ఐలవ్వ ఉంది.

"ఐదున్నరకు గేటు దాటింది బిడ్డా. పిల్సిన. మొఖం గూడ తిప్పలే. బస్టాండ్ దిక్కు పోయింది."

"ఏ పక్క నుంచి పిల్చినవ్ అవ్వా?"

"గీ పక్క. ఆ పిల్లకు కుడిచెయ్యి పక్క."

8:50. బస్టాండ్. వందన బెంచీ మీద కూర్చుంది. ఒడిలో బ్యాగు, బిగించిన పిడికిలి.

నూరీన్ వెళ్లి కుడివైపు కూర్చుంది. "వందనా."

పలకలేదు.

"ఏయ్, వందనా!"

పలకలేదు.

నూరీన్ లేచి ఎడమవైపుకు వచ్చింది. ఈసారి మెల్లగా పిలిచింది.

అమ్మాయి తిరిగింది.

"ఎటు పోతున్నవ్?"

"ఇంటికి. మా అవ్వ దగ్గరికి."

"బెల్లంపల్లి బస్సు రాలేదా?"

"మూడు పోయినయి. బోర్డు చదివిన. లేవబుద్ధి కాలే."

"ఎప్పుడు తిన్నవ్?"

"యాదికి లే."

నూరీన్ ఆమె కుడిచెవి వైపు చూసింది. "ఎవరు కొట్టిండ్రు?"

వందన కళ్లలో నీళ్లు లేవు. "చెప్తే ఏమైతది మేడం? సోమవారం గూడ చెప్పిన."

పిడికిలి విప్పింది. అందులో డూప్లికేట్ చావి.

11:20. ఆస్పత్రిలో డాక్టర్ లైటు పెట్టి చూశాడు. కుడిచెవిలో కర్ణభేరి చిరిగింది. దెబ్బ బలంగా తగిలింది. మానడానికి కొన్ని వారాలు. "లోపల మొద్దుబారింది కూడా మానాలి. దానికి కౌన్సెలర్ కావాలి," అని ఇంకో చీటీ రాశాడు.

మధ్యాహ్నం 3:30. హాస్టల్ ఆఫీసు. ప్రిన్సిపాల్, వార్డెన్, ఐలవ్వ, సోమవారం సాయంత్రం వందనను తమ గదికి పిలిపించిన ముగ్గురు ఫైనలియర్ అమ్మాయిలు. వందన నూరీన్‌కు కుడిపక్కన, అంటే వినపడే చెవి ఇటు ఉండేలా కూర్చుంది.

"ముగ్గురూ సంతకాలు పెట్టుండ్రి," అంది నూరీన్.

ఇద్దరు కుడిచేత్తో పెట్టారు. మూడో అమ్మాయి నవనీత. పెన్ను ఎడమచేతిలోకి తీసుకుంది.

"ఎదురుగ నిలబడి కుడిచేత్తో కొడ్తే ఎడమ చెంపకు తగుల్తది. ఈ పిల్లకు తగిలింది కుడి చెవికి. ఎడమచేతి వాటం మీ గదిల ఎవరిది, నవనీతా?"

పెన్ను ఆగిపోయింది.

"పాట పాడుమన్నం... పాడలే. ఒక్కటే మేడం. మా ఫస్టియర్ల మమ్మల్ని గూడ కొట్టిండ్రు. మేం ఎవ్వలకూ చెప్పలే."

"ఈ పిల్ల చెప్పింది."

నూరీన్ వార్డెన్ రిజిస్టర్ తెరిచి పైకి చదివింది. "సోమవారం, 8:05. చావి పోయినది." తలెత్తింది. "వందనా, నువ్వు ఏమన్నవ్?"

"చెవి పోయిందన్న."

కోమల నోరు తెరుచుకుంది. "టీవీ సప్పుడుల నాకు..."

"రెండుసార్లు అన్న. చేతిల చావి పెట్టిండ్రు."

పిలిస్తే పలకలేదన్నవాళ్లు, చెవిన పెట్టలేదన్నవాళ్లు, అందరూ ఆ గదిలోనే ఉన్నారు. ప్రిన్సిపాల్ చేతిలోని టీసీ కాగితం రెండు ముక్కలైంది.

"ఎత్వం తీసి దీర్ఘం పెట్టిండ్రు. చెవి చావి అయింది," అంది నూరీన్. "పొద్దున మా బుచ్చిరాములు గుడి తీసి కొమ్ము పెట్టిండు."

ఆ మూడో మాట ఆమె పలకలేదు. బుచ్చిరాములు టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

వందన లేచింది. డూప్లికేట్ చావి బల్ల మీద పెట్టింది.

"ఇది నేను అడగలే మేడం."